ఒంట్లో చేరిన వేడి ఎటు పోవాలి?

(పల్నాడులోని ఒక పట్టణంలో మార్చి నెలాఖరున జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక జనరల్ ఫిజీషియన్ చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు కొన్ని.)

పెద్దలందరికీ నమస్కారం.

కార్యదర్శి గారు నన్ను పిలుస్తూ రెండు విషయాలు మాట్లాడమన్నారు. ఒకటి, మోకాళ్ల నొప్పులకీ నడుము నొప్పికీ కాపడం పెట్టుకోవచ్చా లేదా. రెండోది, ఎండలు ముదురుతున్నాయి కాబట్టి వడదెబ్బ. చూడ్డానికి రెండూ సంబంధం లేనట్టుంటాయి గానీ మూలం ఒకటే. బయటి నుంచి వేడి తగిలినప్పుడు దాన్ని మోసుకుపోయి బయట పారేసే ఏర్పాటు మన ఒంట్లో ఉంది. మోసేది రక్తం, పారేసేది చెమట. ఈ రెండూ సరిగ్గా పని చేస్తున్నంతసేపూ వేడి మనకి మందే. వాటిలో ఏది దెబ్బతిన్నా అదే వేడి కాలుస్తుంది, ఒక్కోసారి ప్రాణం తీస్తుంది. ఈ గంటలో నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు కాపడం. ఇది మన ఇళ్లకి కొత్త కాదు. ఇసుక మూట, ఉప్పు మూట, పెనం మీద వెచ్చబెట్టిన గుడ్డ, బాలింతలకి వావిలాకు నీళ్లు. ఇప్పుడు రబ్బరు సంచులు, కరెంటు ప్యాడ్లు వచ్చాయి. ఏది పెట్టినా లోపల జరిగేది ఒకటే. చర్మం వేడెక్కగానే అక్కడి రక్తనాళాలు వెడల్పై రక్తం ఎక్కువగా పారుతుంది. బిగుసుకున్న కండరం వదులవుతుంది. కీళ్ల చుట్టూ ఉండే పొరలు కాస్త సాగుతాయి. పొద్దున లేవగానే మొరాయించే మోకాలు కాపడం పెట్టాక నాలుగడుగులు తేలిగ్గా వేయడానికి కారణం అదే. దీనికి తోడు నరాల సంగతి ఒకటుంది. వెచ్చదనం కబురూ నొప్పి కబురూ రెండూ వెన్నుపాములోంచే మెదడుకి వెళ్లాలి. అక్కడ ఒకటి గట్టిగా వెళ్తుంటే రెండోది వెనకబడుతుంది. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో చెప్పిన సిద్ధాంతం ఇది. దెబ్బ తగిలిన చోట వెంటనే చేత్తో రుద్దుకుంటాం చూడండి, అదీ ఇదే లెక్క.

అయితే ఎంత వేడి? నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అనుకునేది, ఓర్చుకోగలిగినంత వేడి పెడితే అంత గుణం అని. చేతికి తగలగానే "అబ్బా" అనిపించకపోతే అది కాపడమే కాదని వాళ్ల నమ్మకం. ఇక్కడ మన గుంటూరు మిరపకాయ సాయం తీసుకుంటాను. మిరపకాయలో క్యాప్సైసిన్ అనే పదార్థం ఉంటుంది. అది తగిలితే ఒళ్లు మండుతుంది గానీ థర్మామీటరు పెట్టి చూస్తే ఆ చోట వేడేమీ పెరిగి ఉండదు. మరి మంట ఎక్కడిది? డేవిడ్ జూలియస్ అనే అమెరికా శాస్త్రవేత్త ఈ ప్రశ్న వెంట పడి, నరాల చివర ఉండే ఒక ప్రొటీన్‌ని 1997లో గుర్తించాడు. దాని పేరు టీఆర్‌పీవీ1. క్యాప్సైసిన్ తగిలినా అది తెరుచుకుంటుంది, సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలినా తెరుచుకుంటుంది. తెరుచుకుంటే మెదడుకి అందే కబురు "కాలుతోంది" అని. ఈ పనికి 2021లో ఆయనకి నోబెల్ బహుమతి ఇచ్చారు, ఆర్డెమ్ పటపూటియన్ అనే ఇంకో శాస్త్రవేత్తతో కలిపి. మిరప యార్డులో రోజంతా బస్తాల మధ్య తిరిగే కూలీలకి నోబెల్ కమిటీ చెప్పకముందే తెలిసిన సంగతే అనుకోండి.

దీన్నుంచి మనం తీసుకోవాల్సింది ఏమిటంటే, కాపడం బాగా పని చేసే వేడి 40 డిగ్రీల దగ్గర ఉంది. ఒళ్లు ఇక వద్దని చెప్పే వేడి 43 దగ్గర మొదలవుతుంది. మధ్యలో ఉన్నది మూడే డిగ్రీలు. అంతకు మించి పెడితే నొప్పి అదనంగా తగ్గదు, చర్మం పాడవుతుంది. పైగా ఇది వేడి ఒక్కదాని లెక్క కాదు, వేడీ సమయమూ కలిసిన లెక్క. 60 డిగ్రీల నీళ్లు అయిదారు సెకన్లలో బొబ్బ లేపుతాయి. అదే 44 డిగ్రీలయితే గంటలు పడుతుంది, కానీ గంటల తర్వాత అదీ కాలుస్తుంది. కరెంటు ప్యాడ్ నడుము కింద పెట్టుకుని నిద్రపోయినవాళ్లకి తెల్లారేసరికి బొబ్బలు వచ్చేది ఇలాగే. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. మధ్యలో ఒక మడత తువ్వాలు ఉండాలి. రోజూ ఒకే చోట, నెలల తరబడి ఎక్కువ వేడి పెట్టేవాళ్ల చర్మం మీద వలలాగా గోధుమరంగు మచ్చలు వస్తాయి. తొడల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేసే పిల్లల్లోనూ ఇవే చూస్తున్నాం. మచ్చ కనపడిందంటే ఆ చోట ఇక వేడి ఆపేయాలి.

పని చేస్తుందని రుజువులున్నాయా అని సైన్సు మాస్టారు ఒకాయన ముందు వరసలోంచి నావైపే చూస్తున్నారు. ఉన్నాయండీ. కొత్తగా పట్టుకున్న నడుము నొప్పికి ఒంటికి చుట్టుకునే వేడి పట్టీలు కొద్ది రోజులపాటు ఉపశమనం ఇస్తాయని 2006లో కాక్రేన్ (వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష తేల్చింది. ఆడపిల్లల నెలసరి నొప్పికి పొత్తికడుపు మీద దాదాపు 39 డిగ్రీల వేడి పట్టీ పెడితే ఐబుప్రొఫెన్ మాత్రతో సమానంగా పని చేసిందని 2001లో ఒక అధ్యయనం వచ్చింది. మనవరాలు కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకుంటే ఆ రబ్బరు సంచీ ఇవ్వండి, మొహమాటం దేనికి? మోకాళ్ల అరుగుదలకి మాత్రం కాపడం ఒక్కటే ఇచ్చేది తక్కువ. కాపడం పెట్టి, వదులైన ఆ పది నిమిషాల్లో తొడ కండరానికి వ్యాయామం చేస్తే అసలు లాభం. కాపడం పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటే మళ్లీ లేచేటప్పటికి కథ మొదటికి వస్తుంది.

పెట్టకూడని చోట్లు చెప్తాను. అప్పుడే బెణికి వాచిన కాలికి రెండు రోజులు వేడి వద్దు, వాపు పెరుగుతుంది. ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే కాలుతున్న కీలుకి వద్దు, అది గౌట్ అనే కీళ్ల జబ్బో, లోపల చీము పట్టడమో కావచ్చు. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతుంటే అసలే వద్దు, లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. కుడివైపు కింద కడుపు నొప్పికి కారణం తెలియకుండా వద్దు. నొప్పి బామ్ రుద్దిన చోట పైన వేడి సంచి పెట్టొద్దు, బామ్ వల్ల ఎంత కాలుతోందో తెలియదు. ఇన్సులిన్ పొడిచిన చోట కాపడం పెడితే మందు తొందరగా రక్తంలోకి వెళ్లి షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇక ఐసా వేడా అన్న గొడవ డాక్టర్ల మధ్యే తెగలేదు. బెణుకులకి ఐసు పెట్టమని 1978లో సూత్రం రాసిన గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టరే తర్వాత ఐసు వల్ల దెబ్బ మానడం ఆలస్యం కావచ్చని మాట మార్చుకున్నాడు. మీకు తాజా బెణుకయితే నొప్పి తగ్గడానికి కాసేపు చల్లగా, పాత పట్టేసిన నొప్పయితే వెచ్చగా. అంతకన్నా పెద్ద శాస్త్రం అక్కర్లేదు.

ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్లు కాస్త ముందుకి జరిగి వినండి. అరవై దాటిన ఒక రైతు నా దగ్గరికి వచ్చారు. కాళ్లు మొద్దుబారి, తిమ్మిర్లుగా ఉన్నాయని ఎవరో చెప్తే బకెట్టులో వేడినీళ్లు పోసుకుని, ఉప్పు వేసుకుని, రెండు పాదాలూ అందులో పెట్టి కూర్చున్నారు. కోడలు నీళ్లు తెచ్చి పోస్తూ "మామయ్యా, పొగలు వస్తున్నాయి, చన్నీళ్లు కలుపుదామా?" అని అడిగిందట. ఈయన "నాకు వెచ్చగా కూడా లేదమ్మా, ఇంకో చెంబు పొయ్యి" అన్నారు. మర్నాటికి పాదాలంతా తోలు ఊడింది. ఎడమ కాలి రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. షుగర్‌లో నరాలు దెబ్బతింటే 43 డిగ్రీల దగ్గర కేక పెట్టాల్సిన నరం నోరు మూసుకుంటుంది. సన్న రక్తనాళాలు కూడా పాడవుతాయి కాబట్టి అక్కడ చేరిన వేడిని మోసుకుపోయే రక్తం చాలదు. చెప్పేవాడూ లేడు, మోసేవాడూ లేడు. అందుకని షుగర్ ఉన్నవాళ్ల పాదాలకి కాపడం వద్దు, వేడినీళ్ల తొట్టి వద్దు. స్నానం నీళ్లు కూడా పాదంతో చూడొద్దు, మోచేత్తో చూడండి, లేదా ఇంట్లో వేరేవాళ్లని చూడమనండి. ఆ రోజు ఆ కోడలి మాట వినుంటే సరిపోయేది.

కాపడం కథ ఇక్కడికి ఆపి ఎండలోకి వెళ్దాం. వెళ్లేముందు రెండింటినీ కలిపే మాట ఒకటుంది. నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి. ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ తన రక్తప్రసరణని నిలబెట్టుకోవడానికి కొన్ని రసాయనాల మీద ఆధారపడుతుంది. ఈ మాత్రలు సరిగ్గా ఆ రసాయనాలనే అడ్డుకుంటాయి. చేలో పని చేసొచ్చి, మంచినీళ్లు కూడా సరిగ్గా తాగకుండా, ఒళ్లు నొప్పులని షాపులో కొనుక్కుని రెండు మాత్రలు వేసుకోవడం మన పల్లెల్లో ఎంత మామూలో మీకు తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో కిడ్నీ దెబ్బతిని వచ్చేవాళ్లని అడిగితే నూటికి సగం కథలు ఇలాగే మొదలవుతాయని నాకనిపిస్తుంది. ఆ రెండు నెలలూ నొప్పికి కాపడమే మేలు.

సరే, ఎండ. మన శరీరం ఊరికే కూర్చున్నా వంద వాట్ల బల్బు అంత వేడి పుట్టిస్తుంది. చర్మం దాదాపు 35 డిగ్రీలుంటుంది. గాలి అంతకన్నా చల్లగా ఉన్నప్పుడు ఆ వేడి దానంతటదే గాలిలోకి పోతుంది. మన దగ్గర మేలో గాలి 43, 44. అంటే గాలే మనకి వేడి ఇస్తోంది. అప్పుడు మిగిలే దారి చెమట ఒక్కటే. కుండలో నీళ్లు ఎలా చల్లబడతాయో ఒళ్లూ అలాగే చల్లబడుతుంది. పైకి ఊరిన నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుపోతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడి బయటికి పోతుంది. ఆవిరైతేనే. కారి నేల మీద పడ్డ చెమట వల్ల ఉప్పూ నీరూ పోవడమే గానీ చల్లదనం రాదు.

అందుకే ఉక్కపోతని తక్కువ చేయకూడదు. మన రెంటచింతలలో 44 డిగ్రీలు అంటే పేపర్లో మొదటి పేజీ వార్త. మచిలీపట్నంలో 38 అంటే ఎవరూ పట్టించుకోరు. లెక్క చూడండి. 44 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 20 శాతం ఉంటే, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 25 డిగ్రీల పైచిలుకు చూపిస్తుంది. 38 డిగ్రీల ఎండలో తేమ 60 శాతం ఉంటే అదే థర్మామీటరు 31 చూపిస్తుంది. చెమటతో ఒళ్లు ఎంతవరకు చల్లబడగలదో చెప్పేది ఈ తడి లెక్కే. 35 దాటితే ఎవరూ తట్టుకోలేరని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ల మీద పరీక్ష చేసి 2022లో చెప్పిందేమిటంటే, తేమ ఎక్కువున్న చోట 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పడం మొదలవుతోందని. వాళ్లు ఇరవైల్లో ఉన్నవాళ్లు. ఈ హాల్లో ఇరవైల్లో ఉన్నది ఫొటోలు తీస్తున్న ఆ అబ్బాయి ఒక్కడే.

వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత కనీసం 40 ఉండి, మామూలుకన్నా నాలుగున్నర డిగ్రీలు పెరిగితే వడగాలులు. ఏకంగా 45 దాటినా వడగాలులే. తీరంలో 37 నుంచే చూస్తారు, మంచి పని. 2015 మే నెలాఖరు మీకందరికీ గుర్తుండే ఉంటుంది. దేశంలో రెండు వేల మందికి పైగా పోయారు, అందులో ఎక్కువ భాగం మన ఆంధ్ర, తెలంగాణ వాళ్లే. 2003 మేలో కూడా ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పోయారు. ఇవి లెక్కకి వచ్చినవి. ఎండకి గుండె ఆగిపోయిన పెద్దాయనకి చీటీలో గుండెపోటు అని రాస్తారు. కిడ్నీ పోయినవాడికి కిడ్నీ అని రాస్తారు. ఎండ పేరు ఎక్కడా పడదు. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవాళ్ల కుటుంబానికి 4 లక్షలు ఇస్తామంది. మంచిదే గానీ, అది వడదెబ్బేనని నిరూపించే కాగితం ఆ కుటుంబం చేతికి రావాలి కదా.

2003లోనే ఇంకో చోట జరిగింది చెప్పాలి, ఎందుకంటే అది మీ వయసువాళ్ల కథ. ఆ ఆగస్టులో ఫ్రాన్సులో దాదాపు 15 వేల మంది మామూలుకన్నా ఎక్కువగా చనిపోయారు. డబ్బున్న దేశం, మంచి ఆసుపత్రులు. పోయినవాళ్లలో అత్యధికులు డెబ్భై అయిదు దాటినవాళ్లు, చాలామంది ఒంటరిగా ఉంటున్నవాళ్లు. పిల్లలు సెలవులకి ఊళ్లు వెళ్లారు. పై అంతస్తు గదులు రాత్రుళ్లు కూడా చల్లబడలేదు. మనకీ పగటి వేడి కంటే రాత్రి వేడి మీద భయం ఉండాలి. పగలంతా అలిసిన గుండె రాత్రి తేరుకుంటుంది. మన శ్లాబ్ ఇళ్లు సాయంత్రం ఆరు నుంచి తెల్లవారుజాము దాకా పగలు తాగిన ఎండని కిందికి కక్కుతుంటాయి. కొడుకూ కోడలూ హైదరాబాదులోనో డాలస్‌లోనో, అమ్మానాన్నలు ఇక్కడ పై పోర్షన్లో. కరెంటు పోతే తెల్లారేదాకా ఉడికిపోవడమే. డాబా మీద తెల్లసున్నం వేయించండి, కింద గదిలో రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతుంది. తెలంగాణ 2023లో దీనికోసం కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. పిల్లలు ఫోన్ చేసి "అమ్మా, తిన్నావా?" అంటారు, ఈ రెండు నెలలూ "మూత్రం ఏ రంగులో వస్తోంది?" అని అడగమనండి. నవ్వకండి. అరవై దాటాక దాహం వేయడం తగ్గిపోతుంది. దాహమేస్తే తాగుదాం అనుకుంటే ఆలస్యం అయిపోతుంది. ఎండుగడ్డి రంగులో, లేత పసుపుగా ఉంటే పర్వాలేదు, ముదురు పసుపయితే నీళ్లు చాలడం లేదు.

ఏం తాగాలి అన్నదాని మీద పెద్ద ప్రసంగం అక్కర్లేదు. నీళ్లు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, గంజి, అంబలి, కొబ్బరినీళ్లు. గుండె బలహీనంగా ఉండి డాక్టరు నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు, కిడ్నీ రోగులు, వాళ్ల లెక్క వాళ్ల డాక్టరుతో మాట్లాడుకోవాలి. బాగా చెమట పట్టే పని చేసేవాళ్లు ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే లీటర్లకి లీటర్లు తాగినా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. వాళ్లకి ఓఆర్ఎస్, అంటే నీళ్లలో కలుపుకునే ఉప్పు, గ్లూకోజ్ పొడి, మేలు. ఇక్కడొక హెచ్చరిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అదే డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ప్యాకెట్ లీటరు నీళ్లలో మొత్తం కలపాలి, అందులో గ్లూకోజ్ పదమూడున్నర గ్రాములు మాత్రమే ఉంటుంది. ఓఆర్ఎస్ అనే పేరు తగిలించుకుని, టెట్రా ప్యాకుల్లో అంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయాలు ఏళ్ల తరబడి మందుల షాపుల్లో అమ్మారు. హైదరాబాదుకి చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్లపాటు పోరాడితే, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఒక్క మనిషి పట్టుదల. షాపులో ప్యాకెట్ తీసుకునేటప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అన్న మాట ఉందో లేదో చూడండి.

జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదంటారు. పెట్టుకోండి, నష్టం లేదు, మధ్యాహ్నం మజ్జిగన్నంలో నంజుకోవచ్చు. దాన్ని నమ్ముకుని పన్నెండు గంటలకి బ్యాంకు పనికి బయల్దేరకండి, అంతే.

వడదెబ్బ తగిలితే ఏం చేయాలో ఇప్పుడు చెప్తాను, ఇది ఇంటికి వెళ్లాక పక్కవాళ్లక్కూడా చెప్పండి. ఎండకి నీరసం, తలతిరుగుడు, వాంతి వచ్చేలా ఉండటం, కండరాలు పట్టేయడం, ఇవి ముందు మెట్టు. నీడలో పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తి పెట్టి, నీళ్లు పట్టిస్తే తేరుకుంటారు. మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకోండి. లోపలి వేడి 40 దాటి మెదడు ఉడుకుతోందని అర్థం. చెమట పట్టి ఉంది కాబట్టి వడదెబ్బ కాదు అనుకోవద్దు. ఎండలో కష్టం చేస్తూ పడిపోయినవాళ్లకి చాలాసార్లు ఒళ్లంతా తడిగానే ఉంటుంది.

ఒక మే నెల మధ్యాహ్నం శ్లాబ్ పనికి వచ్చిన కుర్రాడిని ఆటోలో వేసుకొచ్చారు. పనిలో చేరి మూడో రోజు. కాంక్రీటు తట్టలు మోస్తూ, ఉన్నట్టుండి తోటివాళ్లని బూతులు తిట్టడం మొదలెట్టాడట. తాగొచ్చాడనుకున్నారు. తర్వాత కూలబడ్డాడు. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయి ఉంది. జ్వరం అనుకుని ఎవరో పారాసెటమాల్ నోట్లో వేశారు, వణుకుతున్నాడని దుప్పటి కప్పారు. మేం థర్మామీటరు పెడితే 41.6. బట్టలు తీసేసి, పైపుతో ఒళ్లంతా తడిపి, పెద్ద ఫ్యాన్లు రెండు పెట్టి, మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టాం. అరగంటలో 39కి దిగింది. బతికాడు. కానీ నాలుగు రోజులు కిడ్నీలు మొండికేశాయి.

ఇందులో మూడు సంగతులున్నాయి. పారాసెటమాల్ పనికిరాదు. జ్వరంలో మెదడు తనంతట తనే వేడి పెంచమంటుంది, ఆ మాత్ర ఆ ఆజ్ఞని రద్దు చేస్తుంది. వడదెబ్బలో మెదడు అలాంటి ఆజ్ఞ ఏదీ ఇవ్వలేదు, వేడి బయటికి పోలేక ఇరుక్కుంది. రద్దు చేయడానికి ఏమీ లేదు, లివర్‌కి భారం తప్ప. రెండోది, ఎండలోంచి వచ్చినవాడి మీద చన్నీళ్లు పోస్తే ప్రాణం పోతుందనే భయం మనలో గట్టిగా ఉంది. వడదెబ్బకి ఉన్నవాటిలో బెస్ట్ వైద్యమే చన్నీళ్లు. తొట్టి ఉంటే తల పట్టుకుని మెడ దాకా ముంచండి. లేకపోతే బోరు పైపు, బిందెలు, తడి దుప్పటి, ఏది దొరికితే అది. 108కి ఫోన్ కొట్టండి, బండి వచ్చేదాకా నీళ్లు పోస్తూనే ఉండండి. ముందు చల్లబరచడం, తర్వాత తరలించడం. మొదటి అరగంటే కీలకం. స్పృహ లేనివాళ్ల నోట్లో మాత్రం నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మూడోది మేస్త్రీలకి చెప్పాల్సింది. ఎండకి ఒళ్లు అలవాటు పడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఆ లోపల చెమట త్వరగా, ఎక్కువగా పట్టడం, అందులో ఉప్పు తక్కువ పోవడం ఒళ్లు నేర్చుకుంటుంది. కొత్తగా చేరిన కూలీకి మొదటి రోజు అయిదో వంతు పని చెప్పి, రోజూ అంతంత పెంచమని అమెరికా కార్మిక ఆరోగ్య సంస్థ సలహా. మన సైట్లలో కొత్తవాడికే బరువు పని చెప్తారు. మీలో ఇల్లు కట్టిస్తున్నవాళ్లు ఉంటే, మేలో పోసే శ్లాబు తెల్లవారుజామున మొదలెట్టి పదింటికల్లా ముగించేలా చూడమనండి. ఉపాధి హామీ పనులకి ఎండాకాలం వేళలు మారుస్తున్నప్పుడు మన ఇంటి పనికి ఎందుకు మార్చకూడదు? అహ్మదాబాదు నగరం 2010 ఎండల్లో దెబ్బతిని, 2013లో ఎండల కోసమే ఒక ప్రణాళిక వేసుకుంది, దక్షిణాసియాలో మొదటిది. ముందస్తు హెచ్చరిక, ఆసుపత్రుల్లో ఐసు ఏర్పాట్లు, తాగునీళ్లు. అన్నీ మామూలు పనులే.

నేను ఇక్కడికి ఆపుతాను. ప్రశ్నలు అడగండి.

(ఒక సభికుడు: కూలర్ పెట్టుకుంటే ఇంకా ఉక్కగా ఉంటోందండీ, ఎందుకని?)

తలుపులూ కిటికీలూ మూసి ఉంటారు. ఏసీకి మూయాలి, కూలర్‌కి తెరవాలి. అది గదిలోకి తడిగాలి పంపుతుంది, ఆ తేమ బయటికి పోకపోతే మీ చెమట ఆరదు. ఎదురుగా ఒక కిటికీ తెరవండి. ఫ్యాన్ సంగతి కూడా చెప్తాను. గదిలో వేడి 40 దాటితే ఉత్త ఫ్యాన్ వేడిగాలిని ఒంటికి కొడుతుంది, మేలు కంటే కీడు. పెద్దవాళ్లకి చెమట తక్కువ కాబట్టి ఇంకా ముందే, 38 దగ్గరే ఆ పరిస్థితి వస్తుంది. అప్పుడు తడి తువ్వాలు ఒంటి మీద వేసుకుని ఫ్యాన్ కింద కూర్చోండి, కుండ సూత్రమే.

(ఇంకొకరు: ఇన్సులిన్ పెట్టడానికి మా ఊళ్లో కరెంటు ఉండదు...)

కొత్త కుండలో ఇసుక పోసి, ఇసుక తడుపుతూ, మూత ఉన్న చిన్న డబ్బాలో ఇన్సులిన్ పెట్టి అందులో దించండి. నీడలో, గాలి తగిలే చోట పెట్టండి. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు, గడ్డ కట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే.

(ఒక మహిళ: మావారికి బీపీ మాత్రలున్నాయండీ. ఎండాకాలంలో కళ్లు తిరిగి పడిపోతున్నారు. మాత్ర ఆపేయమంటారా?)

మీ అంతట మీరు ఆపొద్దమ్మా. కానీ అడగాల్సిన ప్రశ్నే అడిగారు. మూత్రం ఎక్కువగా పోయించే నీళ్ల మాత్రలు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. మెటోప్రొలాల్ లాంటివి గుండె వేగం పెరగకుండా పట్టి ఉంచుతాయి, ఎండలో చర్మానికి రక్తం పంపాలంటే గుండె వేగంగా కొట్టుకోవాలి. పాతకాలం జలుబు మాత్రలు, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చేవి, కొన్ని మానసిక జబ్బుల మందులు చెమటనే తగ్గిస్తాయి. మానసిక జబ్బుకి లిథియం వాడేవాళ్లకి నీరు తగ్గితే రక్తంలో మందు పెరిగి విషమవుతుంది. వేసవిలో బీపీ మామూలుగానే కాస్త తగ్గుతుంది కాబట్టి జనవరిలో సరిపోయిన మోతాదు మేలో ఎక్కువ కావచ్చు. కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ చూపించి, రెండు అంకెలూ చీటీ మీద రాయించుకుని, మందులు రాసిన డాక్టరు దగ్గరికి ఈ వారంలోనే తీసుకెళ్లండి. ఇంట్లో వాడే మాత్రలన్నీ, ఆయుర్వేదం సహా, ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి. ఇప్పుడు ఆయన ఇక్కడే ఉన్నారా? బయట బల్ల దగ్గర మా సిస్టర్ బీపీ మిషన్ పెట్టుకుని కూర్చుంది, ముందు అక్కడ చూపించుకోమనండి. మిగతావాళ్లు కూడా తొందరపడకుండా వరసలో వెళ్లండి.